మార్కెట్ ఫీడర్‌ను కలిపిందెవరు

"అవ్వ చీరలు రెండు నీ పెట్టెల ఉన్నయట. తీసియ్యి వదినె," అంది అంబిక.

వనిత కదల్లేదు. పొయ్యి మీద పప్పు పొంగి గిన్నె అంచుల నుంచి కారుతున్నా కదల్లేదు.

నిజామాబాద్ దవాఖాన నుంచి తొలి బస్సుకే వచ్చిన అంబిక కాళ్ళయినా కడుక్కోలేదు. చెంబుతో నీళ్ళిస్తే ముట్టలేదు. నేరుగా లోపలికి పోయి తల్లి బట్టలు సంచిలో కుక్కడం మొదలుపెట్టింది. గడపలో అన్న ముత్యం నిలబడి ఉన్నాడు. అక్కడున్నది మనిషి కాదు, ఎవరో గుంజ పాతిపెట్టారన్నట్టు, భుజం తగలకుండా పక్కకు ఒరిగి పోతోంది, వస్తోంది.

"అవ్వను యాడికి తీస్కపోతవే? నువ్వే దవాఖాన వరండల చాపేస్కోని పంటున్నవ్," అన్నాడు ముత్యం.

జవాబు అతనికి రాలేదు. మంచం మీద కూర్చున్న తల్లి చిన్నవ్వకు పోయింది.

"అవ్వా, చెప్పు. నా బిడ్డ మొగన్ని కాల్చినోని ఇంట్ల బుక్కెడు బువ్వ గూడ తిననని చెప్పు."

"నన్ను గూడ వంకాయల లెక్క సంచిల పెడ్తవా ఏంది?" అంది చిన్నవ్వ. "నన్నొక్కమాట అడుగుండ్రి. నోరింకా పడిపోలె నాకు."

"నువ్వు నీ కొడుకు దిక్కే మాట్లాడ్తవ్. ఎప్పటికీ గంతే."

"వీని దిక్కు మాట్లాడితే నీకు కోపం. నీ దిక్కు మాట్లాడితే వీనికి కోపం. ఇద్దరు గలిసి నా నోరు కుట్టియ్యుండ్రి, పీడ పోతది."

ఇంకో రోజైతే ముగ్గురూ నవ్వేవాళ్ళు. చిన్నవ్వ నోటికి నవ్వని మనిషి బాన్సువాడలో లేడు. ఇవాళ అంబిక ఇంకో బట్ట సంచిలో కుక్కింది.

"నేను ఎల్సీ ఇచ్చిన. ఇచ్చినంక మల్ల పానెల్ ముట్టలె," అన్నాడు ముత్యం. "ఎన్నిమాట్ల చెప్పాలె నీకు?"

అప్పుడు తిరిగింది అంబిక. "మరి ఎవలు ముట్టిండ్రు? దయ్యం ముట్టిందా? కంప్యూటర్ల నీ పేరే పడ్డది గద. నీ పేరు పెట్టుకున్న దయ్యమా గది?"

ఆ ప్రశ్న ముత్యమూ అడుగుతూనే ఉన్నాడు. పగలంతా గోడను అడుగుతున్నాడు, తన రెండు చేతుల్ని తిప్పి చూసుకుని అడుగుతున్నాడు.

సబ్‌స్టేషన్ ప్రహరీ లోపలే అతని క్వార్టర్. కిటికీలోంచి చూస్తే కంట్రోల్ రూం తలుపు కనిపిస్తుంది. ఇన్నేళ్ళు తను కూర్చున్న కుర్చీలో ఇప్పుడు రుద్రూర్ నుంచి తెచ్చి కూర్చోబెట్టిన మనిషి ఉన్నాడు. ముత్యాన్ని అటువైపు రావద్దన్నారు. బయట ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పటిలాగే గుయ్యిమని మోగుతోంది. దాని తప్పేం లేదన్నట్టు.

స్తంభం ఎక్కే లైన్‌మన్ ముందుగా సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి కరెంటు ఆపించుకుంటాడు. ఆ అనుమతినే ఎల్సీ అంటారు. ఎవరు అడిగి తీసుకున్నారో వాళ్ళే కిందికి దిగి, తమ గొంతుతో "వాపస్" అనాలి. అంతదాకా కలెక్టర్ వచ్చి అడిగినా ఆ లైను పెద్ద స్విచ్చిని, బ్రేకర్‌ను, కలపకూడదు. రాతకంటే గొంతును నమ్మే పని అది.

ముత్యానికి, అతని బావ లైన్‌మన్ శివరాంకు మాటలు పోయి చాలా రోజులైంది. శివరాం, అంబిక కొత్తగా కట్టుకున్న ఇంటి గృహప్రవేశానికి ముత్యం పోలేదు. పుట్టింటి బట్టలు పోలేదు, ఒడిబియ్యం పోలేదు. డ్యూటీ పడిందని చెప్పి పంపాడు. అత్తింటి ఆడవాళ్ళంతా చూస్తుండగా అంబిక ఉత్త ఒడితో పీటల మీద కూర్చుంది. డ్యూటీ లేదు, ఏమీ లేదు, నన్ను చిన్నచూపు చూసిండని ఆ రోజే అంది. ఆనాటి నుంచి పలకరింపుల్లేవు.

కానీ ఎల్సీ అడగకుండా ఎట్లా? బావాబామ్మర్దులు ఊరంతటి ముందు మొహాలు తిప్పుకున్నా ఫోనులో మాత్రం రెండు ముక్కలు మాట్లాడుకునేవాళ్ళు. "మార్కెట్ ఫీడర్ ఎల్సీ." "ఇచ్చిన." తర్వాత "వాపస్." "సరే." ఆ నాలుగు మాటల్లో తిట్టు లేదు, పలకరింపు లేదు. ప్రాణం మాత్రం ఉండేది.

మొన్న అంగడినాడు కూడా మార్కెట్‌కు పోయే ఆ ఫీడర్ లైను మీద శివరాం ఎల్సీ అడిగాడు, ముత్యం ఇచ్చాడు. బయటికొచ్చి కాసేపయ్యాక చాయ్ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాడో లేదో, యార్డులో బ్రేకర్ ధడేల్‌మంది. దానంతటదే కలిసింది. గ్లాసు పారేసి ఉరికి మళ్ళీ ఆపేశాడు. ఆ మాత్రం సందు చాలింది. శివరాం కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. ఉంటుందో ఊడుతుందో డాక్టర్లు ఇంకా తేల్చలేదు.

పాత పానెల్‌కు ఒక తాళంచెవి ఉండేది. ఎల్సీ ఇచ్చిన ఆపరేటర్ దాన్ని తిప్పి, ఊడదీసి, అంగీ జేబులో వేసుకునేవాడు. స్తంభం మీది మనిషి దిగిందాకా ఆ జేబు మీది నుంచి చెయ్యి తీసేవాడు కాదు. పోయిన ఎండాకాలం, మెడలో బిళ్ళలు వేలాడేసుకుని కొత్త కంపెనీ పిల్లలు వచ్చారు. ఆఫీసు కంప్యూటర్లూ, ఈ పానెళ్ళూ ఇక వేరు కాదన్నారు. హాజరు, జీతం చిట్టీ, సెలవు, బ్రేకర్ అన్నీ ఒక్క పేజీలోనే, పాస్‌వర్డే ఇక మీ తాళంచెవి అన్నారు. ఇనుప తాళంచెవులు ఏరి డబ్బాలో వేసుకుని పోయారు. సమోసాలు పెట్టారు. ముత్యం రెండు తిన్నాడు.

జేబులో పెట్టుకోలేని తాళంచెవిని ఎక్కడ దాచుకోవాలో ఎవరూ చెప్పలేదు. ఆపరేటర్లూ అడగలేదు.

ఫోన్ మోగింది. ముత్యం పై అధికారి, ఏడీ రాజేశ్వర్ సారు.

"అందరు ఇనేటట్టు పెట్టు," అంది వనిత. రెండు రోజులుగా ఆమె కూడా మొగుడి ఫోన్ మాటల్ని పక్క గదిలోంచి వింటోంది. నమ్మకం లేక కాదంటుంది. నమ్మకం ఉన్నవాళ్ళు అట్లా వినరు.

ముత్యం స్పీకర్ నొక్కాడు.

"ముత్యం, ఒక ముచ్చట బయటపడ్డది," అన్నాడు రాజేశ్వర్. "కంపెనీవాళ్ళు వాళ్ళ కంప్యూటర్ల చూసి చెప్పిండ్రు. ఆనాడు బ్రేకర్ కలిపింది సబ్‌స్టేషన్ కంప్యూటర్ మీద కాదట. నీ పేరు మీదనే, కానీ బయటి నుంచి. బాన్సువాడ టౌన్ల ఏదో నెట్ కనెక్షనట."

ముత్యం ఫోన్‌ను నోటి దగ్గరికి లాక్కున్నాడు. "అంటే నేను కాదన్నట్టే గద సార్!"

"ఉరకకు. ఆ పేజీ నీ ఫోన్ల గూడ తెరుచుకుంటది. నువ్వు ఫోన్ల కలుపలేదని నేనెట్ల నమ్మాలె?"

"బయటి నుంచి చూసుడే గని కలిపే వీలుండదన్నరు గద సార్? మీటింగుల మీరు గూడ ఉన్నరు."

అవతల కాయితాలు తిప్పిన చప్పుడు.

"అది కంపెనీవాళ్ళు చూసుకుంటరు. నువ్వు నీది చూసుకో. పాస్‌వర్డ్ ఎవలకన్న ఇచ్చినవా, మంచిగ యాది చేసుకో. మధ్యాహ్నం వచ్చి రాసుకపోత. పొద్దుగూకెవరకు పోలీసోళ్ళకు కాయితం పోవాలె."

పెద్దవాళ్ళ తప్పు ఎప్పుడూ 'చూసుకుంటరు' దగ్గర ఆగిపోతుంది. పేరూ ఇంటిపేరూ రాసుకునేది చిన్నవాడి తప్పుకే.

ముత్యం ఫోన్ దించి చూసేసరికి, అంబిక చెయ్యి సంచిలో అట్లాగే ఆగి ఉంది.

"టౌన్ల నుంచా?" అంది. దవాఖాన నుంచి వచ్చాక అన్నను తిట్టకుండా అడిగిన మొదటి మాట అదే.

"గట్లనే అంటుండ్రు."

"టౌన్ల ఎవలకెర్క నీ పాస్‌వర్డ్?" అంది వనిత.

"నాకే."

"నీకా? నీ ఫోన్ తాళమే పోరగాళ్ళను అడిగి తీస్తవ్ నువ్వు."

ముత్యం తల గోక్కున్నాడు. ఆ పాస్‌వర్డ్ అతనెప్పుడూ పెట్టుకోలేదు. కంపెనీవాళ్ళు పాస్‌వర్డులు పెట్టించుకోమన్న రోజున చుట్టుపక్కల ఆపరేటర్లంతా బస్టాండ్ ముందున్న ఆన్‌లైన్ సెంటర్‌లో వరుసగా కూర్చున్నారు. సెంటర్ నడిపే భూమేశ్ అందరికీ తనే పెట్టి ఇచ్చాడు. నెలనెలా జీతం చిట్టీ తీసిచ్చేదీ అతనే. పాస్‌వర్డ్ చెప్పమని భూమేశ్ ఎవరినీ అడిగేవాడు కాదు. "ఏ అన్నది తియ్యాలె?" అని అడిగేవాడు, అంతే.

"భూమేశ్," అన్నాడు ముత్యం, తనలో తను అనుకున్నట్టు.

"భూమేశ్ దగ్గరికెందుకు పోతవ్?" అంది అంబిక. "పోరడు వాని పని వాడు చేస్కుంటుండు. నీ తప్పు తీస్కపోయి వాని నెత్తిల రుద్దుతవా?"

ముత్యం చెల్లెలి మొహంలోకి చూశాడు.

"పోతనని నేనింకా అనలె గదనే," అన్నాడు మెల్లగా.

అంబిక చూపు దించుకుని సంచి ముడి వేసింది. వేసిన ముడి విప్పి మళ్ళీ వేసింది.

చిన్నవ్వ కొడుకు వైపు చూసింది, కూతురు వైపు చూసింది. ఈసారి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడానికే ముత్యానికి భయమేసింది.

అతను బండి తాళంచెవి తీసుకుంటుంటే వనిత పొయ్యి ఆపి, కొంగు దోపుకుని వచ్చింది.

"నేనొస్త."

"నువ్వెందుకు?"

"నువ్వు వినొచ్చి నాకొకటి చెప్తవ్, సారుకొకటి చెప్తవ్. నా చెవులు నాకున్నయి."

రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. చెరకు ట్రాక్టర్ల వెనకాల, ఆటోల నడుమ ముత్యం బండి నడుపుతుంటే వనిత వెనక కూర్చుంది గాని భుజం మీద చెయ్యి వేయలేదు. సీటు కింది ఇనుప కమ్మీ పట్టుకుంది. దారిలో ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ళు కనిపించారు. ఒకడు చెయ్యెత్తబోయి జేబులో పెట్టుకున్నాడు. ఎప్పుడూ లేనిది, చాయ్ హోటల్ ముందు కూర్చున్నవాళ్ళు మాటలాపి చూశారు. ఊరు తీర్పు రాసుకోవడానికి కాయితం అక్కర్లేదు.

ఆన్‌లైన్ సెంటర్ షట్టర్ సగం దించి ఉంది. దెగ్లూర్ బస్సు దిగిన ముసలాయన ఒకడు ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని మరాఠీలో గొణుక్కుంటున్నాడు. ఎన్ని రోజులు తిప్పించుకుంటారని తిడుతున్నట్టుంది. ముత్యం వంగి షట్టర్ కింది నుంచి లోపలికి పోయాడు. వెనకాలే వనిత.

భూమేశ్ కంప్యూటర్ వెనక వైర్లు పీకుతున్నాడు. వీళ్ళను చూసి లేచాడు.

"అన్నా... రా. చాయ్ చెప్పాలెనా?"

"చాయ్ తాగనీకె రాలె. దుకాణమెందుకు మూసినవ్?"

"సిస్టం కరాబైంది."

"కరాబైతె వైర్లు పీకుతరా? యాడికి తీస్కపోతున్నవ్ దాన్ని?"

భూమేశ్ ఇంకో వైరు పీకాడు. ముత్యం స్టూలు లాక్కుని అతనికి ఎదురుగా కూర్చున్నాడు.

"అంగడినాడు నా పేజీ తెరిచినవా?"

"లే."

"మల్ల అడుగుత. తెరిచినవా?"

"నాకేం పనన్నా నీ పేజీతోని? నీ అంతట నువ్వొస్తేనే తెరుస్త."

వనిత ముందుకొచ్చింది. "అయితే మంచిది. సారొస్తుండు మధ్యాహ్నం. కనెక్షన్ ఎవలదో తీస్తున్నరట. గిక్కడికే వస్తరు. నువ్వే చెప్పుకో."

అన్నది అబద్ధమో నిజమో ఆమెకే తెలియదు. భూమేశ్ మాత్రం కుర్చీలో కూలబడ్డాడు. చేతిలో వైరు ఇంకా అట్లాగే ఉంది.

"నేను నొక్కలేదన్నా. నా పిల్లల మీద ఒట్టు."

"మరెవలు?"

"తెరిచింది నేనే. నొక్కలే."

"ఎవలు నొక్కిండ్రురా?"

"అంబికక్క."

బయట బస్సు హారన్ కొట్టింది. ముత్యానికి అది చాలా దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది.

"నోరు కడుక్కో," అంది వనిత. "నీ మీద పడకుండ ఆడామె మీద పెడ్తున్నవా? మొగడు దవాఖానల పడి ఉంటే?"

"ఇను వదినె, జర ఇను. అక్క అంగడికొచ్చింది. దుకాణంలకొచ్చి, తమ్మీ, మా గృహప్రవేశం నాడు మా అన్న డ్యూటీల ఉన్నడా లేడా, నీ కంప్యూటర్ల కనవడ్తదా అన్నది. చెల్లె అడిగితే కాదంటానా? చిట్టీ తియ్యనీకె నువ్వడిగినా గట్లనే తెరుస్త. తెరిచిన. హాజరు చూసిన. ఆ దినం నువ్వు రెండు డ్యూటీలు చేసినవ్. అదే చెప్పిన."

ముత్యం స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"అక్క గా కుర్చీలనే కూసోని ఏడ్సింది. నేను ఉత్తగనే అన్నను అనుమానపడ్డ అన్నది. గప్పుడే కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద సిస్టం నడుస్తనే ఉన్నది. అక్క నీకు ఫోన్ చేసింది. నువ్వు ఎత్తలె."

ఎత్తలేదు. అది నిజం. బావకు ఎల్సీ ఇచ్చి బయటికొచ్చాక ఫోన్ మోగింది. అద్దం మీద అంబిక పేరు. ఇన్నాళ్ళకు చేస్తోందంటే మళ్ళీ తిట్టడానికే అనుకున్నాడు. మోగి మోగి ఆగింది. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, వనితకు కూడా. భూమేశ్‌కు తెలిసే దారే లేదు, ఆమె అతని ముందే చేసి ఉంటే తప్ప.

"నేను నవ్వులాటకన్న," అన్నాడు భూమేశ్. "పేజీల మార్కెట్ ఫీడర్ ఆఫ్ అని పడ్డది. చూడక్కా, అన్ననే తీసిండు కరెంటు. గిది నొక్కు, ఎవలు కలిపిండ్రని ఉరుక్కుంట ఆయనే ఫోన్ చేస్తడు అన్న. నాకేమెర్క అన్నా, అది నిజంగనే కలుస్తదని? అది హాజరు పేజీ! గవర్నమెంటు పేజీల బటన్లు ఏవన్న సక్కగ పనిచేస్తయా ఎప్పుడన్న? అక్క నవ్వుకుంట నొక్కింది. ఇంగ్లీషుల ఇంకోమాట అడిగింది. అవునని గూడ నొక్కింది. కరెంటొచ్చింది. ఇద్దరం నవ్వినం."

వనిత గోడకు ఆనుకుంది.

"తర్వాత?" అన్నాడు ముత్యం.

"మల్ల పోయింది. అక్క గొద్దిసేపు చూసి బజారుకు పోయింది. తర్వాత తెలిసింది శివరామన్న ముచ్చట." భూమేశ్ చేతులు జోడించాడు. "అన్నా, నా పేరు బయటికొస్తే నన్నడుగుతరు. అడిగితే నేను అక్క పేరు చెప్పాలె. నా పేరు రాకుంటే నా నోట్లకెళ్ళి ఈ ముచ్చట సచ్చినా రాదు. నీ ఇష్టం."

అది ప్రాధేయపడటమో బెదిరింపో అతనికే తెలిసినట్టు లేదు.

బయటికొచ్చాక ముత్యం బండి స్టార్ట్ చేయలేదు. హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు.

"సారుకు చెప్పు," అంది వనిత.

"చెప్తే?"

"చెప్తే నీ నౌకరి ఉంటది. జైలుకు పోవు. ఇంకేం కావాలె?"

"దాని అత్తోళ్ళకు తెలిస్తే? బావకు తెలిస్తే? నా చెయ్యి నా పెండ్లామే కాల్చిందని పొద్దుమాపు చూసుకుంట బతుకుతడా ఆయన? దాన్ని గడప ఎక్కనిస్తరా?"

"మరి నా గడప? క్వార్టర్ ఖాళీ చెయ్యమంటే నా పిల్లలను తీస్కోని నేను యాడికి పోవాలె? నీ చెల్లె గృహప్రవేశం చేసుకున్న ఇంటికా?"

ముత్యం హ్యాండిల్ మీది దుమ్ము తుడిచాడు.

"దానికి ఎర్కున్నదో లేదో," అన్నాడు చివరికి. "తను నొక్కుడుతోనే బావకు తాకిందని తెలిసి ఉండదు. తెలిస్తే నన్నట్ల తిడతదా?"

"ఎర్కుండే తిడుతుంది," అంది వనిత. "నలుగురు నిన్ను చూస్తే తనను చూడరని. పొద్దుగాల భూమేశ్ పేరెత్తంగనే ఎట్ల లేచిందో చూసినవ్ గద?"

చూశాడు. చూసే, చూడలేదని అనుకోవాలని ఇంతసేపూ తంటాలు పడ్డాడు. దెబ్బ తగిలినవాడి భార్య అరుస్తుంది, అది సహజం. మరి సంచి ముడి ఎందుకు విప్పి వేసింది? భూమేశ్ దగ్గరికెందుకని ఎందుకంది? అయినా, నవ్వులాటకు ఒక బటన్ నొక్కిన మనిషికి అక్కడెక్కడో స్తంభం మీద ఉన్నది తన మొగుడేనని ఎట్లా తెలుస్తుంది? తల అటూ ఇటూ ఊగింది గాని ఏ ఒడ్డుకూ చేరలేదు.

ఇంటికి వచ్చేసరికి జీపు గేటు లోపల ఉంది.

రాజేశ్వర్ సారు ముందు గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో కాయితాల అట్ట. చిన్నవ్వ మంచం మీద, ఆమె కాళ్ళ దగ్గర నేల మీద అంబిక. సంచి గోడవారన ఉంది. లోపలికొస్తున్న అన్న మొహాన్ని అంబిక వెతికినట్టు చూసింది. ముత్యం చూపు నిలపలేదు. చూస్తే కనపడిపోతుందని భయం. ఎవరిది ఎవరికి కనపడిపోతుందో తెలియదు.

"యాడికి పోయినవ్?" అన్నాడు రాజేశ్వర్.

"టౌన్లకు సార్. కూరగాయలకు."

"ఉత్త చేతులతోని వచ్చినవ్?"

ముత్యం తన చేతులకేసి చూసుకున్నాడు. "రేట్లు పిరముంటే తేలేదు సార్."

రాజేశ్వర్ పెన్ను మూత తీశాడు. మనిషి మరీ చెడ్డవాడు కాదు. పైనుంచి వచ్చిన ఒత్తిడిని కిందికి తోసేయడం తప్ప ఇంకోటి నేర్చుకోలేదు, అంతే. ఒక పేరు రాసుకుని పోతే ఈ పూట అతని పని అయిపోతుంది. ఇంకో పేరు కావాలంటే, తాళంచెవులు ఏరుకుపోయిన వాళ్ళ పేరు రాసుకోవాల్సి వస్తుంది. అది అతని చేతిలో లేదు.

"ఆఖరిమాటు అడుగుతున్న. నీ పాస్‌వర్డ్ ఎవలకన్న ఇచ్చినవా?"

చిన్నవ్వ కొడుకు వైపు వంగింది.

"చెప్పు అన్నా," అంది అంబిక నేల చూపులతోనే. "ఎవలకిచ్చినవో చెప్పు."

ఆ గొంతులో ఉన్నది సవాలో, బతిమాలడమో ముత్యానికి అంతు చిక్కలేదు. చిన్నప్పటి నుంచి విన్న గొంతు. ఏడుపుకు ముందు ఎట్లా ఉంటుందో, అబద్ధానికి ముందు ఎట్లా ఉంటుందో తెలుసనుకున్న గొంతు.

"ఎవ్వలకియ్యలె సార్," అన్నాడు.

"అంటే?"

"ఫోన్ల జీతం చిట్టీ చూస్తుంటి సార్. చెయ్యి తాకిందేమో. నాకే సోయి లేదు. నేనే అని రాసుకోండ్రి."

చిన్నవ్వ "అయ్యో కొడుకా" అంది. అంబిక తల ఎత్తలేదు.

పెన్ను కాయితం మీద కదిలింది. ఒక వాక్యం పడింది. రెండోది మొదలవుతుండగా తలుపు దగ్గరి నుంచి వనిత గొంతు లేచింది.

"అబద్ధం సార్! రాయకుండ్రి. కొట్టెయ్యుండ్రి దాన్ని."

"వనితా, లోపలికి నడువు," అన్నాడు ముత్యం.

"నడువను. నువ్వు జైల్ల కూసుంటే నేను నీ పిల్లలకు ఏం చెప్పాలె? చెల్లె కోసం పోయిండని చెప్పాలెనా?" ఆమె రాజేశ్వర్ కుర్చీ దగ్గరికి వచ్చింది. "ఈయన నొక్కలేదు సార్. నొక్కింది ఎవలో నేను చెప్త. ఆ దుకాణంల ఎవలున్నరో..."

మాట పూర్తి కాలేదు.

నేల మీది నుంచి అంబిక ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. వదిన వెనకాల నిలబడి, ఒక చేత్తో ఆమె భుజాన్ని పట్టుకుని, రెండో అరచేయిని ఆమె నోటి మీద గట్టిగా అదిమింది. గాజులు చిట్లి వనిత చెంప మీద గీరుకున్నాయి.

"ఏమైందే బిడ్డా?" చిన్నవ్వ మంచం దిగబోయి ఆగింది.

వనిత భుజం మీది నుంచి చెల్లెలి కళ్ళు ముత్యాన్నే చూస్తున్నాయి. ఏ దుకాణమని ఆ కళ్ళు అడగలేదు. ఎవరు నొక్కారని అడగలేదు. ఎప్పటి నుంచో గాని, ఆమెకు అంతా ఎరుకే.

రాజేశ్వర్ పెన్ను పట్టుకునే లేచి నిలబడ్డాడు. ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూశాడు.

"చెయ్యి తియ్యమ్మా," అన్నాడు. "ఆమెను చెప్పనియ్యి."

అంబిక తీయలేదు.